పాత కొలత

సంతకం అయిపోయిందే! మన చిన్నోణ్ణి ఇంకో మూడేళ్లు తమ జట్టులోనే ఆడమని క్లబ్బువాళ్లు కాగితం రాసిచ్చారు. మొన్న గురువారం పొద్దున పదకొండింటికి నా కళ్లెదుటే వాడు సంతకం పెట్టాడు!

చూశావా, ఉత్తరం మొదలుపెట్టే పద్ధతి కూడా మరిచిపోయాను. ఆ మాట ముందు బయటపడితే తప్ప చెయ్యి కదిలేలా లేదు. ఇప్పుడు సరిగ్గా మొదలుపెడతాను. మా ఇంటికి దీపం, కుట్టుమిషనుకు మహారాణి, ఇద్దరు పిల్లల తల్లి అయిన నీకు మీ ఆయన ఎంతో ప్రేమతో రాయునది. ఇక్కడ నేనూ చిన్నోడూ కులాసా. నువ్వూ, నీ మోకాళ్లూ, పెద్దమ్మాయీ, అల్లుడూ అక్కడ కులాసా అని నమ్ముతున్నాను.

ఇంత మంచి కబురు ఫోన్లో చెప్పకుండా ఉత్తరంలో రాయడమేమిటని నువ్వు ఈపాటికి నన్ను తిట్టుకుంటూ ఉంటావు. నేను గురువారమే ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. వాడు లాక్కున్నాడు. "ఫోన్లో వద్దు నాన్నా. ఫోన్లో అయితే మంచి సగం చెప్పి పెట్టేస్తావు. మొత్తం రాయి" అన్నాడు. క్లబ్బువాళ్లు కూడా వచ్చే వారం దాకా బయటికి చెప్పరట. ఉత్తరం నాలుగు రోజుల్లో నీ చేతికొస్తుందని పోస్టాఫీసు అమ్మాయి వేళ్లు చూపించి చెప్పింది. కాబట్టి ఈ భూమ్మీద మన వాళ్లందరిలోకీ ముందు నీకే తెలిసింది.

మొత్తం అంటే ఏమిటో చివరికి వస్తాను. ముందు నీ ప్రశ్నలకు జవాబులు రాయనీ.

వాడు సరిగ్గా తింటున్నాడా అని అడిగావు. తింటున్నాడు. ఏ పూట ఎంత తినాలో క్లబ్బువాళ్లు కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించారు. నేను గరిటెడు ఎక్కువ వడ్డిస్తే వాడు తిరిగి గిన్నెలో వేసేస్తాడు. కన్నబిడ్డకు కొలిచి పెట్టడమేమిటో, నాకైతే ప్రాణం ఒప్పడం లేదు.

నేను రక్తపోటు మాత్ర వేసుకుంటున్నానా అని రెండో ప్రశ్న. వేసుకుంటున్నాను. ఒకరోజు మరిచిపోయి రెండో రోజు రెండు వేసుకుని మధ్యాహ్నమంతా తల తిరిగి పడుకున్నాను. ఇది పెద్దమ్మాయికి చెప్పకు.

మూడోది తర్వాత.

నాలుగోది, "పలకరించేవాళ్లు లేని చోట నీకు పొద్దెలా పోతోంది, బూట్ల వాసన లేనిదే నీకు ముద్ద దిగదు కదా" అని ఎగతాళి చేశావు. నవ్వుకో, కానీ ఇక్కడా బూట్ల వాసనే దొరికింది! మైదానం కింద మెట్లు దిగితే ఒక పొడుగాటి గది ఉంది. ఆటగాళ్లందరి బూట్లూ అక్కడ కొక్కేలకు వేలాడుతుంటాయి, ఒక్కొక్కళ్లవి నాలుగేసి జతలు. వాటిని కడిగి, ఆరబెట్టి, లేసులు మార్చేది ఒక పెద్దాయన. నా వయసే ఉంటుంది. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. మొదటిరోజు వాడు నన్ను చూపించడానికి తీసుకెళ్తే, ఆయన నా మొహం చూడలేదు, నా బొటనవేలు చూశాడు. నలభై ఏళ్లు తోలు కుట్టే ఆరె పట్టి, దారం లాగి కాయ కాసిన వేలు. తన వేలు తెచ్చి నా వేలి పక్కన పెట్టాడు. అచ్చం అలాగే ఉంది! అంతే, ఒక ముక్కాలిపీట నా ముందుకు తోశాడు. అప్పటినుంచి వారానికి మూడు రోజులు అక్కడే నా కాలక్షేపం. వియ్యంకులమైనా ఇంత కలిసిపోయేవాళ్లం కాము.

ఐదోది నువ్వు ఎప్పుడూ అడిగేదే. "గోలు కొట్టనివాడికి పేరెలా వస్తుంది?" అని. ఇన్నాళ్లకు దీనికి జవాబు దొరికిందే. వాడిది మధ్యలో ఆడే ఆట. వెనకవాళ్లకు కష్టమొస్తే వెనక్కి పరిగెత్తాలి, ముందువాళ్లకు బంతి కావాలంటే వాళ్లు అడగకముందే అందించాలి. గోలు కొట్టినవాణ్ణి అందరూ ఎత్తుకుంటారు. అందించినవాడు అప్పటికే తన చోటికి వెళ్లిపోయి ఉంటాడు. నువ్వు ముప్పై ఐదేళ్లుగా మన ఇంట్లో చేస్తున్నది ఇదే కదా! మేం ఒక్కరోజు చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు.

ఇక మూడో ప్రశ్న. నేను దాటేశానని నువ్వు పసిగట్టే ఉంటావు. "ఆ వీడియోలో వాడు తుంటి పట్టుకుని కూర్చుండిపోయాడేం? పడలేదు, ఎవరూ తన్నలేదు, ఊరికే కూర్చున్నాడేం?" అని అడిగావు. నీ కళ్లకు ఏదీ దాగదు. నేను ఫోన్లో "కండ పట్టేసిందట, ఏం లేదు" అన్నాను. అది అబద్ధం. నిజం చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. నువ్వు మిషను ఆపి, కుర్చీలో కూర్చుని చదువు.

వాడికి ఏడేళ్లప్పుడు జ్వరమొస్తే నేనొక్కణ్ణే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, గుర్తుందా? నువ్వు బడి యూనిఫారాల ఆర్డరుతో తలమునకలుగా ఉన్నావు. ఆ డాక్టరు వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి రెండు కాళ్లూ కలిపి చూసి, "ఎడమకాలు కొంచెం పొట్టిదయ్యా. భయం లేదు. చెప్పులో కాస్త ఎత్తు పెట్టు, ఎదిగేకొద్దీ తెచ్చి చూపిస్తూ ఉండు" అన్నాడు. ఇంటికొచ్చి నీతో "మామూలు జ్వరమేనట" అన్నాను.

ఎందుకు దాచానంటే, మా నాన్న సంగతి నీకు తెలుసు. ఆయన్ని ఊరంతా కుంటాయన అనేవాళ్లు. బడిలో నేను కుంటాయన కొడుకుని. దుకాణం పెట్టాక కుంటాయన కొడుకు దుకాణం. ఆయన పోయిన రోజు కూడా "కుంటాయన పోయాడట" అన్నారు గానీ అసలు పేరు ఒక్కరి నోట రాలేదు. ఆ పేరు నా బిడ్డకు తగలకూడదనుకున్నాను. చేతిలో పని ఉంది, తోలు ఉంది, ఇంకేం కావాలి? వాడి ఎడమ చెప్పులో, బడి బూటులో, ఆట బూటులో లోపలి అట్ట లేపి, సన్నగా చెక్కిన తోలు అంటించి, మళ్లీ అట్ట పెట్టేసేవాణ్ణి. ముందు ఒక పొర, తర్వాత రెండు, చివరికి మూడు. వాడికే తెలియదు, నీకేం తెలుస్తుంది? పని అంత శుభ్రంగా చేశానని లోలోపల మురిసిపోయేవాణ్ణి కూడా. డాక్టరుకు మళ్లీ చూపించనేలేదు. నేనే డాక్టరునైపోయాను.

వాడు ఇక్కడికి బయల్దేరేటప్పుడు చెప్పాలనే స్టేషనుకు వచ్చాను. చుట్టూ స్నేహితులు, నవ్వులు. నోరు రాలేదు. రెండు జతల బూట్లకు తోలు పెట్టి పంపాను. అవి నాలుగేళ్లు వస్తాయి, అప్పటికి చూసుకోవచ్చులే అనుకున్నాను. ఇక్కడ రెండు నెలలకోసారి కొత్తవి తొడుగుతారని, కుట్లు ఊడకముందే బూటు పారేసేవాళ్లు లోకంలో ఉంటారని, బతుకంతా పాత బూట్లు బాగుచేసినవాడికి ఎలా తడుతుందే?

అందుకే నేనొచ్చేసరికి వాణ్ణి ఆటలోకి దించకుండా మైదానం పక్క బల్ల మీద కూర్చోబెడుతున్నారు. ఎనిమిది నెలలుగా చివరి ఇరవై నిమిషాలకు మాత్రం దించేవాళ్లు. "వీడికి చూపుంది, కాళ్లే ఎక్కడో తడబడుతున్నాయి" అనేవాడట కోచ్. నేను దిగిన రోజే వాడు నా పెట్టె పట్టుకుని మూడంతస్తులు ఎక్కుతుంటే వెనకనుంచి చూశాను. ఎడమ భుజం దిగిపోతోంది. బూటులో తోలు లేదని తెలిసిపోయింది.

అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు. పదిహేనేళ్లు దాచినవాడికి దాచడమే సులువు. బూట్ల గది పెద్దాయన ఉతికిన బట్టలు తేవడానికి వెళ్లిన పది నిమిషాల్లో, వాడి బూటులో అట్ట లేపి తోలు పెట్టేశాను. మూడు పొరలు. చేతికి కంఠస్థమైన కొలత. "మళ్లీ కొలవకుండా కత్తెర పెట్టకు, పోయినసారి మనిషి ఈసారి అదే మనిషి కాదు" అని నీ దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలకు రోజూ చెబుతావు. ఆ మాట వింటూ ఆ గోడ పక్కనే ముసలివాణ్ణయ్యాను. ఒక్క ముక్క ఎక్కలేదు చూడు.

ఆ వారమే వాడికి మొదటినుంచీ ఆడే అవకాశం వచ్చింది. అరగంట ఎలా ఆడాడనుకున్నావు! బంతి వాడి కాలికి తగిలితే దానికి తోవ తెలిసిపోయేది. నా పక్కన కూర్చున్న తెలియని మనిషి నా భుజం మీద చరిచాడు. ముప్పై ఒకటో నిమిషంలో వాడు తుంటి పట్టుకుని కూర్చుండిపోయాడు. నువ్వు వీడియోలో చూసింది అదే. నేను మైదానం వైపు చూడలేక తల పక్కకు తిప్పుకున్నాను.

తుంటికి ఎక్స్‌రే ఫోటోలు తీశారు, పరీక్షలు చేశారు, ఏమీ కనిపించలేదు. కనిపించకపోవడమే కొంప ముంచింది. "కారణం తెలియని నొప్పి ఉన్నవాణ్ణి ఎవరు ఉంచుకుంటారు నాన్నా? నెలాఖరుకు నా కాగితం అయిపోతుంది. పెట్టె సర్దుకోవడమే" అన్నాడు. నాకు తేలు కుట్టిన దొంగ పరిస్థితి. మింగలేను, కక్కలేను.

రెండు రోజుల తర్వాత బూట్ల గదికి వెళ్తే, పెద్దాయన తలుపు దగ్గరికి వేసి, ఆ తోలుముక్క తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. బూటు కడుగుతుంటే దొరికిందన్నమాట. కోప్పడలేదు. అంచులు ఎంత సన్నగా చెక్కానో వేలితో తడిమి చూసి, తల ఊపాడు. తర్వాత నా వేళ్లు నా చేతిలోనే ముడిచి, క్లబ్బు డాక్టరమ్మ గది వైపు చూశాడు. అంతే. తిరిగి తన పనిలో పడ్డాడు. నన్ను లాక్కెళ్లినా ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

వెళ్లాను. అక్కడ అసలు చిక్కు వచ్చింది. డాక్టరమ్మకు నా మాట రాదు. నా మాట ఆవిడకు చెప్పగలిగినవాడు ఆ క్లబ్బు మొత్తంలో ఒక్కడే. వాణ్ణే పిలిపించింది.

"ఏంటి నాన్నా, త్వరగా చెప్పు, ఆవిడకు పనుంది" అన్నాడు.

"నీ ఎడమకాలు పొట్టి అని చెప్పరా."

"ఏంటీ?"

"నన్ను అడక్కు. ఆవిడకు చెప్పు."

"ఏమంటున్నావ్ నాన్నా నువ్వు?"

"ఏడో ఏటనుంచీ పొట్టి. నేను బూటులో తోలు పెడుతూ వచ్చాను. పోయిన వారం కూడా పెట్టాను. అది చెప్పు."

ఒక్కో మాటే మింగి, ఒక్కో మాటే చెప్పాడు. సగంలో ఆగిపోయి గోడ వైపు తిరిగాడు. డాక్టరమ్మ ఏదో అడిగింది.

"ఇది ఇంకెవరికి తెలుసు అంటోంది."

"నాకొక్కడికే."

ఆ జవాబు వాడు ఆవిడకు చెప్పలేదు. ఆవిడ మళ్లీ అడిగితే ఒక్క వేలు చూపించాడు.

వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి కొలిచింది. తోలు పెట్టడం తప్పు కాదట, అదే మందట. తప్పంతా మందంలో ఉందట. ఎనిమిది నెలలు అది లేకుండా ఒళ్లు తన దారి తాను వెతుక్కుంటే, ఒక్కరోజులో మూడు పొరలు ఎత్తి నడుమును మెలిపెట్టానట. ఒక పొరతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచాలి, వ్యాయామాలు చెయ్యాలి అంది. వాడికి అరికాలి మంట నెత్తికెక్కింది. మెట్ల మీద తిరిగి, "నా కాలు నాన్నా! నా కాలు సంగతి నాకు చెప్పడానికి నీకు పదిహేనేళ్లు చాలలేదా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు.

తొమ్మిది రోజులు మాట్లాడలేదే. ఒక్క ఇంట్లో, రెండు గదుల్లో. నేను వడ్డిస్తే తినేవాడు, గిన్నె కడిగి పెట్టి వెళ్లిపోయేవాడు. ఆ రోజుల్లో నువ్వు ఫోన్ చేస్తే ఇద్దరం పక్కపక్కన కూర్చుని నవ్వుతూ మాట్లాడాం చూడు, ఫోన్ పెట్టగానే లేచి వెళ్లిపోయేవాడు.

పదో రోజు సాధన అయ్యాక వచ్చి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఎడమపాదం నా ఒళ్లో పెట్టాడు.

"కొలత తియ్యి."

"ఎందుకురా?"

"డాక్టరమ్మ చెప్పిన మందానికి నువ్వే కోయాలి. వాళ్లు చేయించింది కరుస్తోంది. కొత్తగా తియ్యి, నీ పాత లెక్కలు నాకొద్దు."

టేపు మడమ దగ్గర జారిపోయింది. వాడే ఒక కొస పట్టుకున్నాడు. కొలుస్తుంటే అడిగాడు. "నాకు పదిహేడేళ్లప్పుడు నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు. మామయ్య కొత్త బూట్లు కొనిచ్చాడు. వాటిలో ఏం పెట్టలేదు కదా?"

"మంచం మీద ఉన్నవాణ్ణి ఎలా పెడతాను?"

"అంటే మామయ్య తప్పేం లేదన్నమాట."

ఇదే, ఇన్ని పేజీలుగా నీ దగ్గరికి తేలేక తిప్పుకుంటూ వచ్చిన మాట. కాలు సంగతి దాచడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆ సంవత్సరం వాడి తుంటి పట్టేసి ఆరు నెలలు మంచాన పడితే, డ్రిల్లు మాస్టారైన మీ తమ్ముడు మెట్ల మీద పరిగెత్తించడం వల్లే అని నువ్వు నమ్మావు. వరండాలో నిలబెట్టి, "నా కొడుకు నడుం విరగ్గొట్టావు, ఇక నా గడప తొక్కకు" అన్నావు. అతను చెప్పులు చేత్తో పట్టుకుని, వేసుకోవడం కూడా మరిచి వెళ్లిపోయాడు. ఆ పిల్లాడి కాలికి బంతి అలవాటు చేసింది అతనే. "వీడు కొట్టేవాడు కాదక్కా, అందించేవాడు" అని మొదట కనిపెట్టిందీ అతనే. ఆరోజు నేను ఆస్పత్రి నుంచి వచ్చి వారమైంది, గోడకు ఆనుకుని చూస్తున్నాను. కొత్త బూట్లలో తోలు లేదని నాకు తెలుసు. ఒక్క మాట అంటే సరిపోయేది. మర్నాడు గుట్టుగా తోలు పెట్టాను, నెలల్లో వాడు లేచాడు, మీ అక్కాతమ్ముళ్ల మధ్య మాట మాత్రం లేవలేదు. ఐదేళ్లు. తోబుట్టువు ఉండి లేనిదానివై నువ్వు పళ్లబిగువున తిరుగుతుంటే చూస్తూ అన్నం తిన్నాను.

తిట్టు. ఫోన్ చేసి తిట్టు, నాలుగు రోజులు మాట్లాడకు, నీ ఇష్టం. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అతనికి వేరే ఉత్తరం రాసి ఈ కవర్లోనే పెట్టాను. అంటించలేదు. ముందు నువ్వు చదువు. నేను ఎక్కడైనా తగ్గించి రాసి ఉంటే పక్కన నువ్వు పూర్తిగా రాయి.

కాగితంలో ఒక షరతు ఉంది, అదీ దాచను. ఆరు నెలలకు డాక్టరమ్మ మళ్లీ చూస్తుంది, తుంటి మళ్లీ మొరాయిస్తే ఒప్పందం రద్దు. అయినా కోచ్, "కారణం తెలిసిన నొప్పి అంటే నాకు భయం లేదు" అన్నాడట. అదే నా ఊపిరి. ఇవాళ శనివారం. మధ్యాహ్నం మూడింటికి కొత్త పొరతో మొదటి ఆట. పొద్దున వెళ్తూ, "రాస్తున్నావా?" అని అడిగాడు. తల ఊపాను. "ఆటకు ముందే డబ్బాలో వెయ్యి" అన్నాడు. వాడి మాట నిజమే. గెలిస్తే నా తప్పు చిన్నదనిపిస్తుంది, వాడు మళ్లీ కూర్చుండిపోతే నాకు రాసే చేతులే ఉండవు. మాత్ర వేసుకున్నాను, ఒక్కటే.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూస్తున్న
పిల్లల నాన్న

మొత్తం చెప్పవలసినవాళ్లు (కాలు సంగతి కూడా అందరికీ చెప్పాలని చిన్నోడి పట్టుదల):

పెద్దమ్మాయికీ అల్లుడికీ. అమ్మాయి నామీద అరుస్తుంది, అరవనీ.

మా అక్కయ్యకు. చెవి వినబడదు కాబట్టి గట్టిగా చెప్పు. వీధి కూడా వింటుంది, విననీ.

మా పెద్దన్నయ్యకు. వెంటనే మా నాన్న కాలు గురించి ఎత్తుతాడు. అవును, అదే కాలు, ఆ కాలికే మూడేళ్ల కాగితం ఇచ్చారని చెప్పు.

మీ పిన్నికి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, ఆవిడకు ఒక్కదానికి చెబితే మిగతా చుట్టాలందరికీ చెప్పే పని తప్పుతుంది.

మీ తమ్ముడికి. ఫోన్లో కాదు, ఇంటికి వెళ్లి చెప్పు. మిగతా అందరికీ ముందు సంతకం సంగతి చెప్పి, తర్వాత కాలు సంగతి చెప్పు. అతనికి మాత్రం ముందు కాలు సంగతి.